దుప్పటితో పాటు కరపత్రం ఇవ్వాలా?

నవంబర్ నెలాఖరుకి ఏ చర్చి వాట్సాప్ గ్రూపు చూసినా ఒకటే హడావిడి. క్యారల్స్ టీమ్ లిస్టు, సండే స్కూల్ డ్రామా రిహార్సల్ ఎన్నింటికి, డెకరేషన్ ఎవరిది, మైక్ సెట్ ఎవరు చూసుకుంటారు, పాత బ్యానర్ మీద సంవత్సరం మార్చి కట్టేద్దామా లేక కొత్తది చేయిద్దామా, ఇలా. వీటన్నిటి మధ్యలో పాస్టరు గారి మెసేజ్ ఒకటి వస్తుంది, "ప్రియులారా, ఈ క్రిస్మస్‌కి మన హృదయాలను సిద్ధపరచుకుందాం" అని. అందరూ దానికి ఆమెన్ పెడతారు, ఆ వెంటనే కింద ఎవరో "బ్రదర్, లైట్ల సీరియల్ సెట్ ఒకటి వెలగట్లేదు" అంటారు, మళ్ళీ కథ మొదటికి. సిద్ధపడటం అంటే ఏం చేయాలండీ అని మాత్రం ఎవరూ అడగరు, అడిగితే ఇన్నేళ్ళ విశ్వాసివి నీకు తెలియదా అంటారేమోనని కాబోలు.

నాకైతే ఈ సిద్ధపాటు మీద చాన్నాళ్ళుగా ఒక వాదన ఉంది, మా వాళ్ళతో చెప్పీ చెప్పీ గొంతు పోయింది కాబట్టి ఇక్కడ రాసేస్తున్నా. మామూలుగా వచ్చే జవాబు ఏంటంటే ప్రార్థన టైమ్ పెంచుకోవడం, వీలైతే ఉపవాసం, డిసెంబర్ 1 నుంచి రోజుకో అధ్యాయం చొప్పున లూకా సువార్త చదవడం (24 అధ్యాయాలు కదా, సరిగ్గా 24వ తేదీకి అయిపోతుంది, లెక్క భలే కుదిరింది). మంచివే, నేనూ చేస్తాను, కాదనట్లేదు. కానీ ఇవన్నీ గది తలుపు వేసుకుని చేసుకునేవి. తలుపు బయట చేయాల్సినవి రెండున్నాయి, అవసరంలో ఉన్నవాళ్ళకి చేతనైంది చేయడం ఒకటి, మనం నమ్మిన ప్రభువు గురించి ఇంకొకరికి చెప్పడం రెండోది. వీటిని మాత్రం మనం సిద్ధపాటు కింద రాసుకోం, "ప్రోగ్రామ్స్" కింద రాసుకుంటాం. ఒక శనివారం సేవా కార్యక్రమం, ఇంకో శనివారం సువార్త, లేదంటే టైమ్ లేదు కాబట్టి రెండూ కలిపి ఒకే శనివారం. నేను చెప్పేది ఏంటంటే అసలు సిద్ధపాటే ఈ రెండూ, కాకపోతే రెండిటినీ ఒకే కవర్లో పెట్టి ఒకే చేత్తో ఇచ్చామంటే రెండూ పాడవుతాయి.

లూకా చదివేవాళ్ళు డిసెంబర్ 3న మూడో అధ్యాయానికి వస్తారు కదా, అక్కడ కాస్త ఆగండి. "ప్రభువు మార్గము సిద్ధపరచుడి" అనే యెషయా మాట పట్టుకుని బాప్తిస్మమిచ్చు యోహాను కేకలేస్తున్నాడు, జనం భయపడిపోయి అయితే మేమేం చేయాలి అని అడిగారు. ఆ మనిషి ఎవరు, అరణ్యంలో మిడతలూ అడవి తేనె తిని బతికేవాడు, ఉపవాసం గురించి మాట్లాడే అర్హత భూమ్మీద ఎవరికైనా ఉందంటే ఆయనకే ఉంది, కానీ ఆయన ఆ మాటే ఎత్తలేదు. రెండు అంగీలు ఉన్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలి, తిండి ఉన్నవాడూ అలాగే చేయాలి అన్నాడు. పన్ను వసూలు చేసేవాళ్ళు వస్తే నిర్ణయించిన దానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు, సైనికులు వస్తే ఎవరినీ బెదిరించి లాక్కోవద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. అంటే ఒక్కొక్కడినీ తన బీరువా వైపు, తన ఉద్యోగం వైపు తిప్పాడు. గుడికి ఎక్కువసార్లు రమ్మనలేదు. ఇంకో సంగతి, ఇదంతా చెప్పిన తర్వాత 18వ వచనంలో ఆయన ప్రజలకి సువార్త ప్రకటించాడని ఉంటుంది. పంచుకోమన్న నోరూ శుభవార్త చెప్పిన నోరూ ఒకటే, ఆగమన కాలానికి, అంటే క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాల కాలానికి, చాలా సంఘాలు ఈ భాగాన్నే పాఠంగా పెట్టుకున్నది ఊరికే కాదు, మూడేళ్ళ పాఠాల వరుసలో ఒక ఏడాది మూడో ఆదివారం చదివేది ఇదే.

పాత సంఘం ఈ విషయంలో మనకంటే సూటిగా ఉండేది. క్రిస్మస్ ముందు ఉపవాస కాలం అనేది ఐదో శతాబ్దంలోనే కనిపిస్తుంది, ఫ్రాన్స్‌లోని తూర్ అనే చోట పెర్పెతువుస్ అనే బిషప్ నవంబర్ 11 నుంచి క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసం పెట్టించాడు. అదే శతాబ్దంలో రోమ్‌లో పోప్ లియో డిసెంబర్ ఉపవాసం మీద ప్రసంగాలు చేశాడు, వాటిలో ఎక్కడ చూసినా ఒకటే పోరు, మీరు తినకుండా మిగిల్చింది పేదవాడికి తిండి కావాలి అని. మిగిల్చింది మళ్ళీ మీ ఇంట్లోనే ఉంటే అది ఉపవాసం ఏంటి, పొదుపు. లియో కంటే ముందు అంతియొకయలో యోహాను క్రిసోస్తోమ్ ఉన్నాడు. క్రీ.శ. 386లో డిసెంబర్ 25న ఈయన చేసిన ప్రసంగం ఇప్పటికీ ఉంది, ఈ పండగ మనకి తెలిసి ఇంకా పదేళ్ళు కూడా కాలేదు అంటూ కొత్త పండగ గురించి జనానికి నచ్చజెప్పుకుంటాడు. ఆ మనిషే మత్తయి సువార్త మీద మాట్లాడుతూ, గుడి లోపల క్రీస్తు శరీరానికి పట్టుబట్టలు కప్పి బయట చలికి వణికే క్రీస్తుని వదిలేయొద్దు, బల్ల మీద బంగారు గిన్నెలు పెట్టి ఆయనకి గుక్కెడు చల్లటి నీళ్ళు ఇవ్వకపోతే ఏం లాభం అని నిలదీస్తాడు. డెకరేషన్ కమిటీ మీటింగ్‌లో ఇది చదివితే ఎలా ఉంటుందా అని అప్పుడప్పుడూ అనుకుంటుంటాను.

డెకరేషన్ అంటే గుర్తొచ్చింది, ఆకులతో చుట్టి నాలుగు కొవ్వొత్తులు పెట్టే ఆగమన చక్రం చాలా చర్చిల్లో ఉంటుంది, అది ఎక్కడ పుట్టిందో ఎంతమందికి తెలుసు? జర్మనీలో హాంబర్గ్ దగ్గర యోహాన్ విహెర్న్ అనే లూథరన్ వేదాంతి 1833లో దిక్కులేని పిల్లల కోసం ఒక ఆశ్రమం పెట్టాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుంది ఎప్పుడొస్తుంది అని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే 1839లో ఒక పాత బండి చక్రం తీసుకుని దాని మీద ఆదివారాలకి నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగతా రోజులకి చిన్న ఎర్రవి పెట్టి రోజుకొకటి వెలిగించడం మొదలుపెట్టాడు. అంటే మనం స్టేజీ మీద అందంగా పెట్టుకునే ఆ వస్తువు పుట్టింది ఒక అనాథ పిల్లల ఇంట్లో. ఈ విహెర్నే 1848లో విట్టెన్‌బర్గ్‌లో సంఘ పెద్దల సభలో లేచి నిలబడి, విశ్వాసం ఎంత నాదో ప్రేమ కూడా అంతే నాది అని సంఘం ఒప్పుకోవాలి అన్నాడు. ఆయనకి సువార్త పని వేరు, సేవ పని వేరు కాదు, రెండు డిపార్ట్‌మెంట్లు పెట్టుకోలేదు. మనం చక్రం తెచ్చుకున్నాం, ఆ మాట మాత్రం అక్కడే వదిలేశాం.

ఇక్కడిదాకా చాలామంది ఒప్పుకుంటారు. గొడవంతా రెండిటినీ ఎలా కలపాలి అనే దగ్గరే.

ఒక డిసెంబర్‌లో మా యూత్‌తో కలిసి ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాం, రాత్రిళ్ళు వరండాలో పడుకునే పేషెంట్ల తాలూకు వాళ్ళకి దుప్పట్లు ఇద్దామని. దుప్పటి నాలుగు మడతలు పెట్టి, మధ్యలో కరపత్రం పెట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి నీట్‌గా ప్యాక్ చేశారు. ఒక పెద్దావిడ, లోపల ఆవిడ భర్తకి ఏదో ఆపరేషన్ అయిందట, దుప్పటి తీసుకుని రబ్బరు బ్యాండు జాగ్రత్తగా తీసి చేతికి గాజులా వేసుకుంది, కాగితం బయటికి లాగి అటూ ఇటూ తిప్పి చూసి మా కుర్రాడి వైపు చాపి, "బాబూ, ఇది తిరిగిచ్చేస్తే దుప్పటి కూడా ఇచ్చేయాలా?" అని అడిగింది. వెటకారంగా కాదు, నిజంగానే తెలియక అడిగింది, రూల్ ఏంటో కనుక్కుంటున్నట్టు. వాడు కంగారుపడిపోయి "లేదమ్మా లేదమ్మా, అది మీదే" అన్నాడు. ఆవిడ తలూపింది గానీ దుప్పటి కప్పుకోలేదు, ఒళ్ళో అలాగే మడతగా పెట్టుకుని కూర్చుంది, మేం వరండా అటు చివరిదాకా వెళ్ళి ఇటు తిరిగి వచ్చేదాకా కూడా.

ఆ కరపత్రంలో తప్పేం లేదు, దేవుడు లోకాన్ని ఎంతో ప్రేమించాడు అనే యోహాను 3:16, కింద చర్చి టైమింగ్స్. కుర్రాడి మనసులోనూ ఏ దురుద్దేశం లేదు, చలికి దుప్పటి, ఆత్మకి వాక్యం అని నిజాయితీగా అనుకున్నాడు. కానీ ఆవిడ వైపు నుంచి చూస్తే ఏమైంది? చలిలో ఉన్న మనిషికి ఒక వస్తువూ దానితో పాటు ఒక అభిప్రాయమూ కలిపి ఇస్తే ఆవిడ ఆ రెండోదాన్ని వద్దనలేదు, వద్దంటే మొదటిది పోతుందేమో అని భయం. వద్దనే వీలు లేని చోట ఔను అన్నదానికి విలువేముంది. సువార్తని అంత చవగ్గా ఇచ్చేస్తున్నామనే బాధ నాకు దుప్పటి గురించిన బాధకంటే ఎక్కువ, నిజంగా.

యేసు ప్రభువు ఈ పని ఎక్కడా చేయలేదు, సువార్తలు తిరగేసి చూడండి. పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే ఒక్కడు వెనక్కి వచ్చాడు, వాడూ యూదులు చిన్నచూపు చూసే సమరయుడు. మిగతా తొమ్మిదిమంది ఏరి అని ఆయన అడిగాడు, బాధపడ్డాడు కూడా అనిపిస్తుంది, కానీ ఆ తొమ్మిదిమందికి ఇచ్చిన స్వస్థత వెనక్కి తీసుకున్నాడని ఎక్కడా లేదు. ఐదువేల మందికి రొట్టెలు పెట్టిన మర్నాడు జనం వెతుక్కుంటూ వస్తే, మీరు రొట్టెలు తిని కడుపు నిండింది కాబట్టి వచ్చారు అని మొహం మీదే చెప్పాడు, అంటే ఎందుకొచ్చారో ఆయనకి తెలుసు. అదే అధ్యాయం చివర్లో చాలామంది శిష్యులు ఈ బోధ కష్టం అని వెళ్ళిపోయారు, ఆయన తిన్నది కక్కండి అనలేదు, పన్నెండుమంది వైపు తిరిగి మీరూ వెళ్తారా అన్నాడు, అంతే. మనుషులను పట్టే జాలరులుగా చేస్తానని పేతురుతో అన్నమాట మనవాళ్ళు సువార్త మీటింగుల్లో తెగ వాడతారు, సరే, కానీ పేతురు వల వేసేవాడు, ఎర వేసేవాడు కాదు.

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో గుంపు ఉంది, ఈ మధ్య చదువుకున్న విశ్వాసుల్లో పెరుగుతోంది. వీళ్ళేమంటారంటే, అసలు చెప్పడమే వద్దండీ, సేవ చేస్తే చాలు, సేవే సువార్త. దానికి తోడు పదమూడో శతాబ్దపు ఇటలీ సన్యాసి అస్సీసీ ఫ్రాన్సిస్ పేరు మీద ఒక కొటేషన్ స్టేటస్ పెడతారు, సువార్త ప్రకటించండి, అవసరమైతేనే మాటలు వాడండి అని. వినడానికి ఎంత బాగుందో. తీరా చూస్తే ఫ్రాన్సిస్ రాసిన వాటిలో ఎక్కడా ఆ వాక్యం లేదు, ఆయన గురించి మొదట రాసినవాళ్ళ పుస్తకాల్లోనూ లేదు. ఆయన ఊరూరా తిరిగి నోరారా ప్రకటించిన మనిషి. 1223 క్రిస్మస్‌కి గ్రెచ్చో అనే చోట పశువుల తొట్టి, గడ్డి, ఎద్దు, గాడిద పెట్టించి ఆ రాత్రి ఆరాధన చేయించినప్పుడు కూడా ఊరికే చూపించి ఊరుకోలేదు, డీకనుగా (ఆరాధనలో పరిచారకుడిగా) నిలబడి సువార్త చదివి ప్రసంగం చేశాడు.

ఫ్రాన్సిస్ నిజంగా రాసింది ఆ కొటేషన్ కంటే చాలా గొప్పగా ఉంటుంది, అది ఎవరూ స్టేటస్ పెట్టరు. 1221లో తన సహోదరులకి రాసిన నియమావళిలో 16వ అధ్యాయం ముస్లింల మధ్యకి వెళ్ళేవాళ్ళ గురించి. రెండు రకాలుగా ఉండొచ్చు అంటాడు. ఒకటి, వాదాలూ గొడవలూ పెట్టుకోకుండా, దేవుని కోసం ప్రతి మనిషికీ లోబడి ఉంటూ, మేం క్రైస్తవులం అని ఒప్పుకోవడం. రెండోది, దేవునికి ఇష్టమని తోచినప్పుడు వాక్యాన్ని ప్రకటించడం. చూశారా, మొదటిదాంట్లో కూడా నేనెవరో దాచుకోవడం లేదు, రెండోదాంట్లో కూడా తొందర లేదు. ఇది గదిలో కూర్చుని రాసిన మాట కాదు, అంతకు రెండేళ్ళ ముందు, 1219లో, క్రూసేడ్ యుద్ధం నడుస్తుండగా ఈజిప్టులో దమియెత్తా దగ్గర సైన్యాలు దాటి వెళ్ళి సుల్తాన్ అల్ కామిల్‌తో మాట్లాడి వచ్చిన మనిషి రాసింది. ఇంకో సంగతి గమనించండి, ఆయన మాటలతో ఎదురెళ్ళింది ఎవరి దగ్గరికి, వద్దు పో అనగలిగిన రాజు దగ్గరికి. కుష్ఠరోగుల దగ్గరికి వెళ్ళినప్పటి సంగతి ఆయనే తన చివరి రోజుల్లో వీలునామాలో రాసుకున్నాడు, వాళ్ళకి ఏం ప్రకటించాడో అక్కడ లేదు, వాళ్ళ మీద కనికరం చూపించాననీ, అప్పటిదాకా చేదుగా ఉన్నది తనకి తియ్యగా మారిందనీ ఉంది.

సేవ చాలు, మాట వద్దు అనేవాళ్ళతో నాకున్న పేచీ ఇంకొకటి. మనం నోరు మెదపకుండా మంచి పనులు చేసుకుంటూ పోతే ఆ క్రెడిట్ ఎవరి ఖాతాలో పడుతుంది? మన ఖాతాలోనే. "ఎంత మంచివాళ్ళండీ వీళ్ళు" అంటారు. వినడానికి వినయంలా ఉంటుంది గానీ మనకి బాగా గిట్టుబాటయ్యే వినయం అది. మీ మంచి పనులు చూసి పరలోకంలో ఉన్న మీ తండ్రిని మహిమపరచాలి అన్నాడు ప్రభువు, ఆ తండ్రి ఎవరో ఎవరూ ఒక్క ముక్క చెప్పకపోతే వాళ్ళు ఎవర్ని మహిమపరుస్తారు పాపం. బేత్లెహేము కాపరులు శిశువుని చూసి ఊరుకున్నారా, తమకి చెప్పబడిన మాటలు అందరికీ చెప్పారు, విన్నవాళ్ళంతా ఆశ్చర్యపడ్డారు. క్రిస్మస్ కథలో నోరు మూసుకున్నది బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా ఒక్కడే, అదీ నమ్మనందుకు.

మా సంఘంలో ఒక ఆంటీ ఉన్నారు, నర్సుగా చేసి రిటైరయ్యారు, పేరు రాస్తే తిడతారు. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక పెద్ద నెయిల్ కట్టర్, చిన్న టవలు, కొబ్బరినూనె సీసా ఉంటాయి. మంచం పట్టిన ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళి కాలి గోళ్ళు తీస్తారు, అదే ఆవిడ పరిచర్య. మొదటిసారి ఆవిడతో వెళ్ళినప్పుడు నాకు అర్థమైంది అది ఎంత పనో. వయసైపోయిన వాళ్ళ కాలి గోళ్ళు చెక్కలా గట్టిపడిపోయి వంకర తిరిగి పక్క వేలిలోకి దిగిపోతుంటాయి, ముందు గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట నాననివ్వాలి, ఒక్కసారిగా కత్తిరించకూడదు, అంచు నుంచి కొంచెం కొంచెం. షుగర్ ఉన్నవాళ్ళైతే చిన్న గాటు పడినా త్వరగా మానదు కాబట్టి కళ్ళజోడు పెట్టుకుని ఊపిరి బిగబట్టి చేస్తారు. ఆ టైమ్‌లో ఆవిడ దేవుడి గురించి ఏమీ మాట్లాడరు, నొప్పిగా ఉందా, ఈ వేలు కదపండి, అంతే. ఒకాయన దగ్గరికి అలా చాన్నాళ్ళు వెళ్తుంటే ఒకరోజు ఆయనే అడిగారు, సొంత పిల్లలే ముట్టుకోవడం లేదు, నీకెందుకమ్మా ఈ పని అని. ఆంటీ తల ఎత్తకుండానే, "మా యేసు ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగాడండి. నాకు అంత గొప్పగా చేయడం రాదు, గోళ్ళు తీయడం వచ్చు" అన్నారు. ఆయన కాసేపు ఊరుకుని, కాళ్ళెందుకు కడిగాడు అన్నారు. అప్పుడు చెప్పారు యోహాను 13 మొత్తం, టవలుతో తుడుస్తూ. అయిపోయాక ఆయన ఊఁ అని అటు తిరిగి పడుకున్నారు. ఆ తర్వాత ఏమైంది, నమ్ముకున్నారా లేదా అని నన్ను అడగకండి, ఆంటీని అడిగితే "నెలాఖరుకి మళ్ళీ గోళ్ళు పెరుగుతాయి కదా, వెళ్తాను" అన్నారు.

పేతురు మొదటి పత్రిక 3:15 లో ఉన్నది ఇదే వరస. మీలో ఉన్న నిరీక్షణ గురించి కారణం అడిగే ప్రతివాడికీ "సాత్వికముతోను భయముతోను" జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమంటాడు. అక్కడ ముందు అడిగేది ఎదుటివాళ్ళు. వాళ్ళు అడగాలంటే అడిగేలాంటిదేదో మన బతుకులో కనబడాలి, ఆ పత్రిక వెళ్ళింది గలతీయ, కప్పదొకియ లాంటి చోట్ల (ఇప్పటి టర్కీ) చెదిరిపోయి, చుట్టూ ఉన్నవాళ్ళ చేత మాటలు పడుతున్న విశ్వాసులకి. వాళ్ళు ఆ మాట ఎంత గట్టిగా పట్టుకున్నారో మూడొందల ఏళ్ళ తర్వాత ఒక శత్రువే సాక్ష్యం ఇచ్చాడు. రోమా చక్రవర్తి జూలియన్ క్రైస్తవ్యాన్ని వదిలేసి పాత దేవతల గుళ్ళు మళ్ళీ నిలబెట్టాలని చూసినవాడు, 362 ప్రాంతంలో అదే గలతీయలో ఉన్న ప్రధాన పూజారికి ఉత్తరం రాస్తూ, ఈ గలిలయవాళ్ళు (క్రైస్తవులని ఆయన అలాగే అనేవాడు) తమ పేదలనే కాదు మన పేదలని కూడా పోషిస్తున్నారు, మనవాళ్ళకి మన సాయం అందట్లేదని అందరూ చూస్తున్నారు అని వాపోయాడు. ఆ తర్వాత ఓ పదేళ్ళలోపే పక్కన కప్పదొకియలో బిషప్ బసిలు కైసరయ ఊరి బయట రోగులకీ పేదలకీ ప్రయాణికులకీ ఒక పెద్ద ఆశ్రయం కట్టించాడు, కుష్ఠరోగులని కూడా చేర్చుకున్నారు. మన పేదలు, మీ పేదలు అనే లెక్క జూలియన్‌కి ఉంది, వాళ్ళకి లేదు, ఆయన్ని కలవరపెట్టింది కూడా అదే.

దీనికి మా సంఘంలోనే ఒక అన్న గట్టి ప్రశ్న వేశారు, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. "నువ్వు వాళ్ళు అడిగేదాకా ఆగుతావు, బానే ఉంది, అడగకుండానే చచ్చిపోతే? ఆత్మలు నశిస్తున్నాయి, నీకు మర్యాద ముఖ్యమా?" అన్నారు. ఆయన తొందర నిజమైనదే, నిజంగా నమ్మినవాడికి ఆ తొందర లేకపోతేనే అనుమానించాలి. నేను ఆయనకి చెప్పింది ఏంటంటే, అన్నా, అడగనివాళ్ళకి చెప్పొద్దని నేను అనట్లేదు, కాదనలేనివాళ్ళని ఇరికించొద్దు అంటున్నా. మీ ఆఫీసులో మీతో సమానంగా కూర్చునే కొలీగ్ ఉన్నాడు, పాతికేళ్ళ ఫ్రెండ్ ఉన్నాడు, మీ బావగారున్నారు, వీళ్ళంతా మొహం మీదే "నాకు ఇంట్రెస్ట్ లేదు" అనగలరు, వాళ్ళకి ఎన్నిసార్లు చెప్పారు? అక్కడ ఆయన నవ్వేశారు. మనం అదే చేస్తాం కదా, సమానంగా ఉన్నవాడికి చెప్పడానికి సిగ్గు, అవసరంలో ఉన్నవాడికి చెప్పడానికి ధైర్యం. పేదలకి సువార్త ప్రకటించడానికే ప్రభువు నన్ను అభిషేకించాడు అని యేసే చదివాడు కాబట్టి వాళ్ళకీ చెప్పాలి, తప్పకుండా చెప్పాలి, కానీ దుప్పటి ఇచ్చిన చోట కాదు. దుప్పటి ఇచ్చేసి వచ్చాక, వేరే రోజు, వేరే చోట, రావాలనుకుంటే రాగలిగేలా, రాకపోతే ఏమీ పోకుండా.

మరి ఆగమన కాలంలో మనం చేయాల్సిన పని ఎక్కడుంది అంటే, ఆ అడిగిన రోజున చెప్పడానికి మన దగ్గర ఏముంది అనేది చూసుకోవడం. ఇది కష్టమైన పని. నీకెందుకు ఇది నిజం అని ఎవరైనా సూటిగా అడిగితే మనలో చాలామందికి సొంత జవాబు ఉండదు, కన్వెన్షన్‌లో విన్న ప్రసంగీకుడి సాక్ష్యమో, ఫార్వర్డ్ మెసేజో నోటికొస్తుంది. (సాక్ష్యాలు కూడా ఏడాదికేడాది పెరుగుతుంటాయి, మొదట జ్వరం తగ్గిన కథ నాలుగో క్రిస్మస్‌కి చావు అంచుల దాకా వెళ్తుంది.) ఒక కాగితం తీసుకుని రాసుకోండి, పెద్ద పెద్ద మాటలు లేకుండా, చర్చి మొహం చూడని మనిషికి అర్థమయ్యేలా, అవతలి వాళ్ళ నమ్మకం మీద ఒక్క ఈసడింపు లేకుండా. ఈసడింపు లేకుండా అని ఎందుకు అంటున్నానంటే మనలో కొందరికి అది లేకపోతే సువార్త చెప్పినట్టే ఉండదు. రాసుకున్నది ఐదు లైన్లకి మించకపోయినా పర్లేదు, అబద్ధం లేకపోతే చాలు. రోజుకో అధ్యాయం చదవడం కంటే ఇదే ఎక్కువ మోకాళ్ళ మీదకి తెస్తుంది మనిషిని.

సాయం చేస్తూ దిగే ఫోటోల గురించి కూడా రాయాలనుకున్నా గానీ దాని మీద అందరూ రాశారు, నీ కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు అన్న వచనం కింద సాయం తీసుకుంటున్న ముసలావిడ ఫోటో పెట్టినవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేముంది. మత్తయి 25 లో తీర్పు రోజున కుడివైపు ఉన్నవాళ్ళు మేం నీకు ఎప్పుడు అన్నం పెట్టాం ప్రభువా, ఎప్పుడు బట్టలిచ్చాం అని ఆశ్చర్యపోతారు, వాళ్ళకి గుర్తే లేదు. మనకి ఆల్బమ్ ఉంటుంది, ఆశ్చర్యపోయే ఛాన్సే లేదు.

దానికంటే నాకు మరియ గురించి చెప్పాలనుంది, ఎందుకంటే మొదటి క్రిస్మస్‌కి అందరికంటే ముందు సిద్ధపడింది ఆవిడే. దూత వెళ్ళిపోగానే ఆవిడ చేసింది, యూదయ కొండసీమకి త్వరగా ప్రయాణమై వెళ్ళడం. అక్కడ ఆవిడ బంధువు, జెకర్యా భార్య ఎలీసబెతు పెద్దవయసులో ఆరోనెల కడుపుతో ఉంది, మరియ అక్కడ దాదాపు మూడు నెలలు ఉంది, అంటే ఇంచుమించు ప్రసవం దాకా. ఆ ఇంట్లో ఏం పని చేసిందో లూకా రాయలేదు, నెలలు నిండుతున్న ముసలి గర్భిణీ ఇంట్లో మూడు నెలలు ఉన్న అమ్మాయి చేతులు ముడుచుకుని కూర్చుని ఉంటుందని నేనైతే అనుకోను. ఆ వరస చూడండి, గడప దాటగానే మరియ చేసింది వందనం మాత్రమే, తన కడుపులో ఉన్నది ఎవరో తను చెప్పలేదు. ఎలీసబెతే అడిగింది, నా ప్రభువు తల్లి నా దగ్గరికి రావడం నాకెలా ప్రాప్తించింది అని. అప్పుడు బయటికొచ్చింది ఆ పాట, నా ప్రాణము ప్రభువును ఘనపరచుచున్నది అని, అందులోనూ ఆకలిగొన్నవాళ్ళని మంచివాటితో నింపాడనే ఉంది. వెళ్ళడం, అవతలి మనిషి ప్రశ్న, ఆ తర్వాత పాట.

ఈ ఏడాది మా కమిటీలో నేను పెట్టిన ప్రతిపాదన చిన్నది, ఇంకా తేలలేదు. దుప్పట్లు యథాప్రకారం ఇద్దాం, కరపత్రం మాత్రం తీసేద్దాం, బదులుగా మా వాళ్ళు ఎవరైనా ఇద్దరు వారానికోసారి అదే వరండాకి వెళ్ళి కూర్చోవాలి, మందుల చీటీ చదవడం రానివాళ్ళకి చదివి పెట్టడం, ఏ టెస్టు ఏ గదిలోనో తీసుకెళ్ళి చూపించడం, ఇలాంటివి. ఎవరైనా మీరెవరు ఎందుకొస్తున్నారు అంటే చెప్పాలి, తడుముకోకుండా చెప్పాలి. రెండోది, ఇది డిసెంబర్ 24తో ఆగకూడదు, ఎందుకంటే క్రిస్మస్ వారంలో అక్కడ సాయం చేసేవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతుంటారు, జనవరిలో ఆ వరండాలో మనిషి కనబడడు, చలి మాత్రం తగ్గదు. కరపత్రం తీసేయడానికి కొందరు ససేమిరా అంటున్నారు, ప్రింటింగ్ ఇప్పటికే అయిపోయిందట. జనవరి డ్యూటీకి పేర్లు ఇవ్వమని గ్రూపులో పెడితే చాలా ఆమెన్లు వచ్చాయి, పేర్లు మాత్రం ఇంకా అడుగుతున్నాం.